‘వర్టిగో’ రీస్టోర్డ్ డిస్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో తీసిన ‘వర్టిగో’ డిస్క్ చేతికొచ్చిన ప్రతి ఒక్కరికీ దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. ఏ ఎడిషన్ కొనాలి, ఈ మసక ఏంటి, ఈ శబ్దాలు అసలువేనా అని. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లిపోవచ్చు. కథ గుట్టు విప్పే జవాబు ఒక్కటే ఉంది, అక్కడ ముందే చెప్పాను.

## కొనే ముందు

ఇప్పుడు కొంటే ఏ ఎడిషన్ కొనాలి?

4కే టీవీ ఉంటే 4కే యూహెచ్‌డీ డిస్కే కొనండి. 2020 సెప్టెంబరులో యూనివర్సల్ వాళ్లు ‘రియర్ విండో’, ‘సైకో’, ‘ది బర్డ్స్’తో కలిపి నాలుగు సినిమాల సెట్‌గా దీన్ని తెచ్చారు. 4కే టీవీ లేకపోతే 2012లో వచ్చిన బ్లూ-రే చాలు. అది ఇప్పటికీ మంచి డిస్కే. 1998 నాటి డీవీడీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది కానీ జోలికి పోవద్దు. అది పాత చతురస్రపు టీవీల కోసం చేసింది. ఇప్పటి టీవీలో పెడితే నాలుగు వైపులా నల్లటి ఖాళీ వచ్చి బొమ్మ మధ్యలో చిన్నగా కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మా అక్కతో తెప్పించుకుంటే మన ప్లేయర్‌లో ఆడుతుందా?

4కే యూహెచ్‌డీ డిస్కులకు రీజియన్ కోడ్ లేదు, ఎక్కడ కొన్నా ఆడుతుంది. చిక్కంతా మామూలు బ్లూ-రేతోనూ డీవీడీతోనూ. బ్లూ-రేకి అమెరికా ‘ఎ’ రీజియన్, యూరప్, ఆస్ట్రేలియా ‘బి’, మన దేశం ‘సి’. డీవీడీకైతే అమెరికా 1, మనం 5. కొన్ని బ్లూ-రేలు అన్ని రీజియన్లలోనూ ఆడతాయి, కొన్ని ఆడవు. కాబట్టి అట్ట వెనక గుర్తు చూడకుండా డబ్బు కట్టొద్దు. ఆన్‌లైన్‌లో విదేశం నుంచి నేరుగా తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా పడవచ్చు. సెలవులకు వచ్చేవాళ్ల సూట్‌కేసులో రావడమే మేలు.

నా పాత డీవీడీ 123 నిమిషాలే ఆడుతోంది. సినిమా 128 నిమిషాలంటారు. ఐదు నిమిషాలు కోసేశారా?

లేదు, ఒక్క ఫ్రేము కూడా పోలేదు. మీది పాల్ పద్ధతిలో (మన దేశం, యూరప్ పాత టీవీల ప్రమాణం) చేసిన డీవీడీ. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడిస్తే పాల్‌లో 25 ఫ్రేములతో నడుస్తుంది. ఆ నాలుగు శాతం వేగానికి 128 నిమిషాల సినిమా సుమారు 123 నిమిషాల్లో అయిపోతుంది. కొన్ని డిస్కుల్లో దాంతోపాటు శ్రుతి కూడా కొంచెం పైకి జరుగుతుంది. హీరో జేమ్స్ స్టూవర్ట్ గొంతు బాగా తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. బ్లూ-రే, 4కే డిస్కుల్లో అసలు వేగమే ఉంటుంది.

ఓటీటీలో 4కే అనే చూపిస్తోంది. మళ్లీ డిస్క్ దేనికి?

రెండూ 4కేలే, కానీ లోపల నింపిన సరుకు వేరు. ఓటీటీలో 4కే సినిమా సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల మధ్య వస్తుంది. యూహెచ్‌డీ డిస్క్ గరిష్ఠంగా 128 దాకా ఇవ్వగలదు. పట్టపగలు తీసిన సీన్లలో ఈ తేడా పెద్దగా తెలియదు. ఎర్నీస్ రెస్టారెంట్‌లో ముదురు ఎర్ర గోడల ముందు నీడలు ఉన్నచోట, పొగమంచు ఉన్నచోట, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌లో ఇసుకలా కనిపించే సన్నటి చుక్కలు) కదిలేచోట తెలుస్తుంది. నెట్ ఆగిఆగి వచ్చే ఇళ్లలో ఆ ఎర్రదనం చారికలు చారికలుగా విడిపోతుంది. ఈ సినిమాలో సగం కథ రంగుల్లోనే ఉంది కాబట్టి డిస్కే కొనమంటాను.

ప్లేయర్ లేదు, పీఎస్5 ఉంది. సరిపోతుందా?

డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 అయితే సరిపోతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా సరే. పీఎస్4లో 4కే డిస్కులు ఆడవు, పీఎస్4 ప్రోలోనూ ఆడవు. అందులో బ్లూ-రే వేసుకోవచ్చు.

## రీస్టోరేషన్ ఎలా జరిగింది

1958 అంటే మరీ పాతదేం కాదు కదా, రంగులు ఎందుకు పాడయ్యాయి?

అప్పటి ఈస్ట్‌మన్ కలర్ నెగటివ్ బలహీనత అది. రంగులకు ఆధారమైన డైలు కాలంతో పాటు వెలిసిపోతాయి, అదీ మూడు రంగులూ ఒకే తీరుగా కాదు. ఒకటి ముందు, ఒకటి వెనక. అందుకే పాడైన నెగటివ్ నుంచి ప్రింట్ తీస్తే బొమ్మంతా ఒకే రంగు వైపు ఒరిగిపోతుంది. థియేటర్లకు పంపిన టెక్నికలర్ ప్రింట్లు వేరే పద్ధతిలో రంగు అద్దినవి కాబట్టి చాలా గట్టివి, దశాబ్దాల తర్వాత కూడా వాటి రంగు నిలుస్తుంది. కానీ ప్రింట్ నుంచి సినిమాను తిరిగి తయారుచేస్తే వివరాలు పోతాయి. మూలమైన నెగటివ్‌లో రంగు లేదు, రంగున్న ప్రింట్‌లో మూలం తాలూకు నాణ్యత లేదు. రీస్టోరేషన్ చేసేవాళ్లకు అసలు చిక్కు ఇదే.

ఈ సినిమా చాలా ఏళ్లు ఎక్కడా చూడ్డానికి దొరకలేదట, నిజమేనా?

నిజమే. హిచ్‌కాక్ సినిమాలు ఐదు 1970ల మొదట్లోంచి బయట తిరగలేదు: ‘వర్టిగో’, ‘రియర్ విండో’, ‘రోప్’, ‘ది ట్రబుల్ విత్ హ్యారీ’, 1956 నాటి ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’. వాటి హక్కులు ఆయన చేతికే తిరిగి వచ్చాయి, బయటికి మాత్రం ఇవ్వలేదు. 1980లో ఆయన చనిపోయాక యూనివర్సల్ ద్వారా 1983-84లో మళ్లీ థియేటర్లకొచ్చాయి. ‘వర్టిగో’ పారమౌంట్ తీసిన సినిమా అయినా డిస్క్ మీద యూనివర్సల్ పేరు కనిపించేది అందుకే.

దీన్ని బాగుచేసింది ఎవరు?

రాబర్ట్ ఎ. హ్యారిస్, జేమ్స్ సి. కాట్జ్. 1996 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాస్ట్రో థియేటర్‌లో కొత్త ప్రింట్ తొలి ప్రదర్శన జరిగింది. నాయిక కిమ్ నోవాక్ స్వయంగా వేదికెక్కి పరిచయం చేశారు. హ్యారిస్ అంతకుముందే ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ మీద పనిచేసి పేరు తెచ్చుకున్న మనిషి.

ఆ పని జరిగింది ముఖ్యంగా ల్యాబ్‌లో, ఫిల్మ్ మీదే. ఇప్పటిలా కంప్యూటర్‌లో కాదు. అప్పటి స్టూడియోలు రంగు సినిమాకు ముందుజాగ్రత్తగా సెపరేషన్ మాస్టర్లని మూడు నలుపు-తెలుపు కాపీలు తీసి దాచేవి. ఎరుపు సమాచారం ఒకదాంట్లో, ఆకుపచ్చ ఒకదాంట్లో, నీలం ఒకదాంట్లో. నలుపు-తెలుపు ఫిల్మ్‌లో ఉండేది వెండి కాబట్టి వెలవదు. మూడింటినీ మళ్లీ ఒకదాని మీద ఒకటి పడేలా ముద్రిస్తే రంగు తిరిగి వస్తుంది. వినడానికి తేలికే. కానీ ఏళ్లు గడిస్తే ఫిల్మ్ కుంచించుకుపోతుంది, మూడూ ఒకేలా కుంచించుకోవు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మనుషుల అంచుల చుట్టూ రంగు గీతలు కనిపిస్తాయి. వెలిసిన నెగటివ్ ఎక్కడ పనికొస్తుందో, మాస్టర్లు ఎక్కడ పనికొస్తాయో చూసుకుంటూ సినిమా చివరిదాకా నడవాలి. 2020 డిస్క్ చూసి ఎంత బాగుందో అని మనం మెచ్చుకుంటున్నామంటే దాని వెనక ఈ పని ఉంది.

ఈ సినిమా తీసిన విస్టావిజన్ అంటే సినిమాస్కోప్ లాంటిదేనా? మరి పైనా కిందా నల్ల పట్టీలు తక్కువున్నాయేం?

కాదు. సినిమాస్కోప్‌లో ప్రత్యేకమైన లెన్స్‌తో బొమ్మను అడ్డంగా నొక్కి తీసి, వేసేటప్పుడు సాగదీస్తారు. విస్టావిజన్‌లో నొక్కడం ఉండదు. మామూలుగా కెమెరాలో నిలువుగా నడిచే 35 ఎంఎం ఫిల్మ్‌ను అడ్డంగా నడిపిస్తారు. ఒక్కో ఫ్రేముకు నాలుగు రంధ్రాల చోటు బదులు ఎనిమిది రంధ్రాల చోటు దొరుకుతుంది, అంటే నెగటివ్ రెండింతలకు పైగా పెద్దది. ఈ సినిమాను 70 ఎంఎం ప్రింట్లుగా తీసినా, 4కేగా మార్చినా అంత తేటగా నిలవడానికి కారణం ఆ పెద్ద నెగటివే. చూపించాల్సిన ఆకారం 1.85:1. ఇప్పటి టీవీ ఆకారానికి అది దాదాపు సమానం. అందుకే పైనా కిందా సన్నటి గీత మాత్రమే మిగులుతుంది.

మన ‘మాయాబజార్’కి రంగులద్దినట్టు దీనికీ అద్దారా?

రెండూ పూర్తిగా వేరు పనులు. 1957 నాటి ‘మాయాబజార్’ నలుపు-తెలుపు సినిమా. 2010లో వచ్చిన రూపానికి రంగులు కంప్యూటర్‌లో కొత్తగా వేశారు. ‘వర్టిగో’ రంగుల్లోనే పుట్టింది. ఉన్న రంగు పోతే దాన్ని వెతికి తిరిగి తెచ్చారు. ఒకదాంట్లో రంగు ఇప్పటివాళ్ల ఊహ. రెండోదాంట్లో అది 1958లో ప్రేక్షకుడు చూసిన దాన్ని చేరుకునే ప్రయత్నం.

ఆ ఆకుపచ్చ సరైన ఆకుపచ్చేనని వాళ్లకెలా తెలుసు?

ఈ సినిమా విషయంలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. ఇందులో ఆకుపచ్చ అలంకారం కాదు, ఒక పాత్ర. ఎర్నీస్ రెస్టారెంట్‌లో కిమ్ నోవాక్ తొలిసారి కనిపించేటప్పుడు నల్లటి గౌను మీద ఆకుపచ్చ శాలువా ఉంటుంది. ఆమె హీరో పక్కకు వచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు వెనకున్న ఎర్ర గోడ మీద వెలుగు మెల్లగా పెరిగి, ఆమె దాటిపోగానే మళ్లీ తగ్గుతుంది. ఆమె నడిపే కారు ఆకుపచ్చ. సినిమా చివరి భాగంలో హోటల్ గది కిటికీ బయట ఆకుపచ్చ నియాన్ బోర్డు వెలుగుతూ ఉంటుంది. ఆ కాంతి తెరలా పరుచుకున్న గదిలోంచి ఆమె నడిచొచ్చే షాట్‌లో ఆకుపచ్చ కాస్త పసుపు వైపు జరిగినా, కాస్త నీలం వైపు జరిగినా ఆ అనుభూతే మారిపోతుంది.

అందుకని హ్యారిస్, కాట్జ్ ఆధారాలు వెతికారు. సినిమాలో వాడిన ఆకుపచ్చ కారు రంగు కోసం కార్ల కంపెనీనే అడిగి, చెక్కుచెదరకుండా ఉన్న పెయింట్ నమూనా తెప్పించుకున్నారు. తెర మీది కారు ఆ నమూనాకు సరిపోతే మిగతా ఆకుపచ్చలకు ఒక కొలత దొరికినట్టే. అయినా ప్రతి షాట్‌కీ అలాంటి సాక్ష్యం ఉండదు. మిగిలినచోట్ల కన్నూ అనుభవమే దిక్కు. 1996 ప్రింట్‌కీ, 2012 బ్లూ-రేకీ, 2020 డిస్క్‌కీ మధ్య ఛాయలో తేడా కనిపిస్తే ఎవరో మోసం చేశారనుకోకండి. ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని, ఈ రంగు ఇంత ఉండాలని తేల్చాల్సిందే. నా కంటికి 2020దే హోటల్ గది సీన్‌లో బాగుంటుంది.

## చూసేటప్పుడు

శ్మశానం సీన్ అంతా మసకగా వస్తోంది. నా డిస్క్ పాడైందా?

లేదు, అలాగే తీశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాత చర్చి మిషన్ డొలోరెస్ సమాధుల దగ్గర కెమెరామన్ రాబర్ట్ బర్క్స్ లెన్స్ ముందు ఫాగ్ ఫిల్టర్ పెట్టారు. పట్టపగలైనా, నాయిక ఈ లోకంలో మనిషేనా అన్న అనుమానం మనకు రావాలని. హోటల్ గదిలో ఆకుపచ్చ వెలుగు షాట్‌లోనూ ఇదే మసక ఉంటుంది. రీస్టోరేషన్‌లో దీన్ని చెరిపేసి తేటగా చేసి ఉంటే అది ఘోరమైన తప్పయ్యేది.

కారు నడిపే సీన్లలో వెనక రోడ్డు అతికించినట్టు కనిపిస్తోంది. 4కే వల్లేనా?

4కే వల్ల ఎక్కువ తెలుస్తోంది, అంతే. స్టూడియోలో నిలిపి ఉంచిన కారు వెనక తెర మీద ముందే తీసిన రోడ్డు ఫిల్మ్ వేసి, రెంటినీ కలిపి చిత్రీకరించారు. వెనక బొమ్మ అప్పటికే ఒకసారి ఫిల్మ్ అయ్యి వచ్చింది కాబట్టి కాస్త మెత్తగా, గ్రెయిన్ ఎక్కువగా ఉంటుంది. ముద్దు సీన్‌లో వాళ్లిద్దరి చుట్టూ హోటల్ గది కాస్తా పాత గుర్రపుశాలగా మారి మళ్లీ గదిగా అయ్యేదీ ఈ పద్ధతిలోనే చేశారు. ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌లోకి కరిగేచోట కూడా నాణ్యత ఉన్నట్టుండి తగ్గి మళ్లీ పెరుగుతుంది. ఆ ముక్కల్ని ల్యాబ్‌లో మళ్లీ కాపీ చేసి జోడించాల్సి వచ్చేది, కారణం అదే.

ఆకాశం మీద సన్నటి ఇసుక చల్లినట్టు కదులుతోంది. తీసేసే సెట్టింగ్ ఉందా?

టీవీలో నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది. దయచేసి దాన్ని వాడకండి. మీరు చూస్తున్నది ఫిల్మ్ గ్రెయిన్, బొమ్మ దానితోనే తయారైంది. దాన్ని తుడిచేస్తే ముఖాల మీద చర్మం, కిమ్ నోవాక్‌కి ఈడిత్ హెడ్ రూపొందించిన బూడిదరంగు సూట్ నేత కూడా తుడిచిపెట్టుకుపోతాయి. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నునుపు చేసే సెట్టింగ్) కూడా ఆపేయండి, టీవీలో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి.

హెచ్‌డీఆర్ వేస్తే పాత సినిమా కాస్తా కొత్త సినిమాలా అయిపోదా?

చేసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఫిల్మ్ నెగటివ్‌లో వెలుగు వివరాలు పాత టీవీ ప్రమాణం చూపించగలిగిన దానికంటే ఎక్కువే ఉంటాయి. హెచ్‌డీఆర్ వాటికి చోటిస్తుంది. దీపాలన్నీ కళ్లు చెదిరేలా పెంచితే సినిమా చెడుతుంది. ఈ డిస్క్‌లో అలా చేయలేదు. సాల్ బాస్ రూపొందించిన టైటిల్స్‌లో నల్లటి కన్ను లోంచి సుడులు పుట్టుకొచ్చేచోట చూడండి, నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది.

మెట్లు కిందికి సాగిపోయే షాట్ ఆ రోజుల్లో ఎలా తీశారు?

కెమెరా వెనక్కి జరుగుతూ ఉంటే లెన్స్ ముందుకు జూమ్ అవుతుంది, లేదా దానికి ఎదురు. మనిషి కదలకుండా లోతు మాత్రం సాగుతుంది. ఈ ఉపాయం రెండో యూనిట్ కెమెరామన్ ఇర్మిన్ రాబర్ట్స్‌ది. నిజమైన మెట్ల మీద అంత పెద్ద కెమెరాను పైకీ కిందికీ నడపడం ఖరీదని, మెట్ల నమూనా కట్టి దాన్ని పక్కకు పడుకోబెట్టి నేల మీదే తీశారు. అలా చేసినా ఆ కాసేపటి బొమ్మకు 19,000 డాలర్లు అయిందని హిచ్‌కాకే చెప్పారు.

## శబ్దం గురించి

తుపాకి చప్పుడు, అడుగుల చప్పుడు ఈకాలపు సినిమాలా ఉన్నాయేంటి?

చాలామటుకు 1996లో కొత్తగా చేసినవి కాబట్టి. అభిమానుల మధ్య అన్నిటికంటే పెద్ద గొడవ దీని మీదే. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ సంగీతం స్టీరియో టేపులు దొరికాయి. దాన్ని విశాలంగా వినిపించాలంటే మిగతా శబ్దాలు కూడా విడిగా కావాలి. కానీ పాత మోనో ట్రాక్‌లో మాటలు, సంగీతం, చప్పుళ్లు అన్నీ ఒకదాంట్లో కలిసిపోయి ఉన్నాయి. అందుకని హిచ్‌కాక్ డబ్బింగ్ సమయంలో రాసిపెట్టిన సూచనల్ని ముందుంచుకుని అడుగులు, తుపాకులు, వాహనాలు వగైరా మళ్లీ రికార్డు చేశారు.

వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ మొదటి సీన్‌లో ఇళ్లకప్పుల మీద పరుగు వినండి. తుపాకి చప్పుడు పైకి లేచి సంగీతాన్ని పక్కకు నెడుతుంది. పాత ట్రాక్‌లో అది సంగీతం లోపలే ఉంటుంది. నాకు ఆ పాతదే కావాలి.

మరి అసలు మోనో ట్రాక్ డిస్క్‌లో ఉందా?

ఉంది. 2012 బ్లూ-రేలోనూ, 2020 4కే డిస్క్‌లోనూ ఆడియో మెనూలోకి వెళ్తే 2.0 మోనో కనిపిస్తుంది. పెట్టగానే వచ్చేది మాత్రం కొత్త మిక్స్, కాబట్టి మీరే మార్చుకోవాలి. మొదటిసారి చూసేవాళ్లకు నేను చెప్పేది: కొత్త బొమ్మ, పాత శబ్దం. 1958లో హిచ్‌కాక్ సరేనన్న శబ్దం అదే. హెర్మన్ సంగీతం గది నిండా వినాలనిపిస్తే రెండోసారి స్టీరియో పెట్టుకోండి. అందులోనూ గొప్ప సుఖం ఉంది.

స్టీరియో పెట్టినా కొన్నిచోట్ల సంగీతం ఇరుగ్గా వినిపిస్తోంది. స్పీకర్ల లోపమా?

మీ స్పీకర్లు బాగానే ఉన్నాయి. అప్పట్లో అమెరికాలో వాద్యకారుల సమ్మె నడుస్తోంది, అందుకని రికార్డింగ్‌ను లండన్‌కు మార్చారు. అక్కడ మ్యూర్ మాథీసన్ నిర్వహణలో కొంత భాగం స్టీరియోలో రికార్డయ్యాక, అమెరికా వాళ్లకు మద్దతుగా లండన్ వాద్యకారులూ ఆగిపోయారు. మిగతాది వియన్నాలో పూర్తయింది, అది మోనోలో. ఒకే సినిమాలో రెండు ఊళ్ల రికార్డింగులు వింటున్నారు మీరు.

## చూశాక

ఇంకో క్లైమాక్స్ ఉందట కదా?

(కథ తెలియనివాళ్లు దీన్ని దాటేయండి.) ఉంది, డిస్క్ అదనపు అంశాల్లో చూడొచ్చు. అమెరికా సెన్సార్ వాళ్లు అడిగారని తీసిన చిన్న ముగింపు అది. గోపురం సీన్ తర్వాత హీరో స్నేహితురాలు మిడ్జ్ తన గదిలో రేడియో వింటూ ఉంటుంది. హంతకుడు ఎల్‌స్టర్‌ను యూరప్‌లో పోలీసులు పట్టుకోబోతున్నారని వార్త. హీరో స్కాటీ వస్తాడు, ఆమె మందు పోసిస్తుంది, ఇద్దరూ మాట్లాడరు. తప్పు చేసినవాడికి శిక్ష పడుతుందని చూపించడానికే అది. థియేటర్ ముగింపే సినిమాకు తగినది. అయితే మిడ్జ్‌గా వేసిన బార్బరా బెల్ గెడెస్ ఆ కాసేపట్లో ఎంత బాగా చేశారో చూడ్డానికైనా వేసుకోండి.

దీన్ని ప్రపంచంలోనే గొప్ప సినిమా అంటారు. మొదటిసారి నాకంత అనిపించలేదు.

1958లో చాలామంది విమర్శకులకూ అనిపించలేదు. ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకోసారి నిర్వహించే ఓటింగ్‌లో 1962 నుంచి మొదటి స్థానంలో ఉన్న ‘సిటిజన్ కేన్’ను 2012లో ఈ సినిమా దాటింది. 2022లో రెండో స్థానానికి వచ్చింది. గుట్టు తెలిసిపోయాక ఇంకోసారి చూడండి. రెండోసారి మీ చూపు హీరో మీద ఉండదు, కిమ్ నోవాక్ ముఖం మీద ఉంటుంది. ఆమె ఎక్కడెక్కడ తడబడిందో అప్పుడు కనబడుతుంది.

మేం బే ఏరియాలో ఉంటాం. సినిమాలో చోట్లు ఇప్పటికీ చూడొచ్చా?

చాలామటుకు చూడొచ్చు. నాయిక నీళ్లలోకి దూకే చోటు గోల్డెన్ గేట్ వంతెన కింద ఫోర్ట్ పాయింట్. చిత్తరువు ముందు కూర్చునే మ్యూజియం లీజియన్ ఆఫ్ ఆనర్. ఆ చిత్తరువు సినిమా కోసం వేసింది కాబట్టి అక్కడ ఉండదు. మ్యూర్ వుడ్స్‌గా చూపించిన పెద్ద చెట్ల అడవి సీన్ తీసింది బిగ్ బేసిన్ పార్కులో. 2020 కార్చిచ్చులో ఆ పార్కు బాగా కాలిపోయింది, కాబట్టి ఏయే దారులు తెరిచారో చూసుకుని బయల్దేరండి. శాన్ వాన్ బౌటిస్టా మిషన్ నగరం నుంచి దక్షిణంగా కారులో ఓ రెండు గంటలు. వసారా, గుర్రపుశాల, ఎదుటి పచ్చిక మైదానం సినిమాలో ఉన్నట్టే ఉన్నాయి. పిల్లలకు గోపురం ఎక్కిస్తామని మాత్రం మాటివ్వకండి. సినిమాలో చూసిన ఎత్తైన గోపురం అక్కడ లేదు, అది స్టూడియోలో చేర్చింది.